పుస్తకం అందింది, చదువుతున్నాను

ఉత్తరాంధ్ర వెనకబాటు గురించి మాట్లాడినప్పుడల్లా నీళ్లు అంటారు, వలసలు అంటారు, రైల్వే జోను అంటారు. ఇక్కడి పుస్తక సమీక్షకుల దుస్థితి మీద ఇంతవరకు ఒక్క ప్రజాప్రతినిధి నోరు విప్పిన పాపాన పోలేదు. విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట దాకా నడిస్తే ఎదురయ్యేవాళ్లలో కవి కానివాడెవడో తేల్చడం కష్టం. ఈ పుస్తకాలన్నీ చదివి ‘నాలుగు మాటలు’ రాసే బాధ్యత మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది నెత్తిన పడింది. వాళ్లకి జీతం లేదు, పింఛను లేదు, సెలవు లేదు. ఫోన్ నంబరు మాత్రం అందరి దగ్గరా ఉంది.

తప్పు ఈ నేలదే. గురజాడ ఇక్కడే కూర్చుని రాశారు. కథకుడు చాసో ఇక్కడే కూర్చుని రాశారు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, జనం మాట్లాడే భాషలోనే పుస్తకం రాయొచ్చని పోరాడి గెలిచారు. ఆ గెలుపు వల్ల తెలుగువాళ్లకి జరిగిన మేలు ఏటా ఆగస్టు 29న అందరూ చెప్పుకుంటారు. సమీక్షకులకి జరిగిన కీడు ఎవరూ చెప్పుకోరు. అంతకుముందు పుస్తకం రాయాలంటే ఛందస్సు రావాలి, వ్యాకరణం రావాలి, ఎవరో ఒక గురువు దగ్గర కొన్నేళ్లు పడి ఉండాలి. గిడుగువారు ఆ గేటు తీసేశారు. దాంట్లోంచి ముందుగా వచ్చినవాళ్లలో మహానుభావులు ఉన్నారు, కాదనను. వాళ్ల వెనకున్న వరస ఇంకా మా వీధి మలుపు తిరుగుతూనే ఉంది.

కాబట్టి సమీక్షకుల పక్షాన ఈ వినతిపత్రం సమర్పించుకుంటున్నాను.

అమెరికాలో పుస్తకాల మీద రాసే బ్లాగర్లు ఈ సమస్యని ఎప్పుడో పరిష్కరించుకున్నారు. ‘మా సమీక్షా విధానం’ అని ఒక పేజీ రాసి పెట్టుకుంటారు. ఏ రకం పుస్తకాలు చదువుతారో, ఏవి ముట్టుకోరో, సొంతంగా అచ్చు వేసుకున్నవి తీసుకుంటారో లేదో అందులో ఉంటుంది. పుస్తకం పంపినంత మాత్రాన సమీక్ష వస్తుందని హామీ లేదని, నచ్చకపోతే నచ్చలేదనే రాస్తామని కూడా ఉంటుంది. చాలామంది పేజీల్లో అన్నిటికన్నా పైన ‘ప్రస్తుతం అభ్యర్థనలు స్వీకరించడం లేదు’ అని లావుపాటి అక్షరాలు కనిపిస్తాయి. ఆ ‘ప్రస్తుతం’ ఏళ్ల తరబడి నడుస్తుంది. నెట్‌గ్యాలీ అని ఒక సైటు 2008 నుంచీ ఉంది. పుస్తకం విడుదల కాకముందే ప్రచురణకర్తలు కాపీ అక్కడ పెడతారు. కావాల్సినవాడు అడగాలి, ఇవ్వాలో వద్దో ప్రచురణకర్త చూసుకుంటాడు. అంటే అక్కడ పుస్తకం కోసం సమీక్షకుడు దరఖాస్తు పెట్టుకుంటాడన్నమాట! ఈ సంగతి చెబితే మా జిల్లాలో ఒక సీనియర్ సమీక్షకుడు కాసేపు మాట్లాడలేకపోయారు.

ఆ విధానం ఇక్కడా అమలు చేసి చూశాం. ‘ప్రస్తుతం పుస్తకాలు తీసుకోవడం లేదు’ అని పెట్టిన పూటే ఫోను వచ్చింది.

“మీరు పెట్టింది చూశాను బాబూ. బాగా పెట్టారు. ఈమధ్య అడ్డమైనవాళ్లూ పంపించెస్తన్నారు. మరి నాది ఎప్పుడు పట్రమ్మంటారు?”

కవిత్వం చదవనని రాస్తే, ఇవి కవితలు కావు, కవితాత్మక వచనం అంటూ ఒకటి వచ్చింది. సొంత ప్రచురణలు తీసుకోనని రాస్తే, శ్రీమతి పేరు మీద వెలసిన ప్రచురణ సంస్థ నుంచి ఇంకొకటి వచ్చింది. దాని చిరునామా, రచయిత ఇంటి డోరు నంబరు ఒకటే. నియమం ఎదురైతే దాని పక్కనుంచి దారి చేసుకోవడంలో మనవాళ్లకున్న నైపుణ్యం కథల్లోనూ కనబడితే ఈ వినతిపత్రంతో పనుండేది కాదు.

ఇక పుస్తకం వచ్చే దారుల గురించి. పాతరోజుల్లో బుక్‌పోస్టు ఉండేది. రిజిస్టరు చేయించకపోతే ఆ కట్ట ఏ ఊళ్లో ఉందో దేవుడికే తెలియాలి. ‘ఇంకా అందలేదండీ’ అన్న ఒక్క మాట మీద మా ముందుతరం సమీక్షకులు బీపీ లేకుండా బతికారు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టింది. 300 గ్రాముల లోపు పుస్తకం 20 రూపాయలకి, 5 కిలోల దాకా అయితే 100 రూపాయలకి, పన్ను కాకుండా, దేశంలో ఏ మూలకైనా పంపొచ్చు. చదువుకునేవాళ్లకి మంచిదే. అయితే దానికి ట్రాకింగ్ పెట్టారు. పుస్తకం మన గుమ్మంలో పడిన తేదీ ఇప్పుడు రచయిత ఫోన్లో ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్ తీసి మనకే పంపి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. ఒక శాఖ ఆలోచించకుండా చేసే సంస్కరణకి ఇంకో రంగం ఎలా కుదేలవుతుందో ఆర్థికవేత్తలు చూడాలి. ధర బరువుని బట్టి ఉంటుంది గనక 300 గ్రాములకి లోబడి కవులు సంపుటాలు తగ్గిస్తారేమోనని ఆశపడ్డాను. తగ్గించలేదు. రెండు భాగాలు చేశారు.

వాట్సాప్ దారి అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున శుభోదయం బొమ్మ, దాని కింద పీడీఎఫ్, దాని కింద ‘తీరిక దొరికినప్పుడు’ అని ఒక మాట. టిఫిను వేళకి ‘చూశారా?’ అని ఇంకో మాట. ఇందులో సాంకేతిక విశేషం ఒకటుంది. మన పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌లోనే, అను ఫాంట్లతోనే తయారవుతున్నాయి. అవి ఎక్కడ అతికించినా తెలుగుగానే కనబడే యూనికోడ్ అక్షరాలు కావు. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు కలిసిన ముద్ద వస్తుంది. ఒకాయన తన దీర్ఘకవితలోని కీలకమైన ఖండిక అంటూ అలాంటి ముద్దని ఒక సాహిత్య గ్రూపులో పెట్టాడు. ‘వ్యక్తీకరణలో పాత గోడల్ని బద్దలుకొట్టారు’ అని ఇద్దరు మెచ్చుకున్నారు. మూడో ఆయన అనువదించడానికి అనుమతి అడిగాడు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది చేతికివ్వడం. హైదరాబాదు సమీక్షకుడికి ఈ భయం లేదు. రచయిత మియాపూర్‌లో ఉంటే ఇతను ఎల్బీ నగర్‌లో ఉంటాడు, మధ్యలో మెట్రో ఉంది, ట్రాఫిక్ ఉంది, వానాకాలంలో నీళ్లు కూడా ఉంటాయి. విజయనగరంలో మధ్యలో ఏమీ లేదు. రైతుబజారులో వంకాయలు ఏరడానికి వంగిన మనిషి పైకి లేచేసరికి ఎదురుగా కథాసంపుటి ఉంటుంది. పైడితల్లమ్మవారి సిరిమానోత్సవానికి లక్షల్లో జనం వస్తారు. ఆ జనంలో తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలవాలి. సమీక్షకుడు మాత్రం మూడులాంతర్ల కూడలి దగ్గరే, ఎవరూ పిలవకుండానే, దొరికిపోతాడు. పలాస పాసింజరులో అయితే మరీ దారుణం. నెల్లిమర్ల దాకా ఆరోగ్యాలు, గరివిడి దాకా పిల్లల చదువులు, చీపురుపల్లి దాటాక సంచీ జిప్పు చప్పుడు. రైలు కదిలాక దిగడానికి ఉండదు.

అవతలివాడు అపరిచితుడైతే ఎలాగోలా తట్టుకోవచ్చు. ఇక్కడ అపరిచితులు లేరు. శతకం రాసినాయన మీ అబ్బాయికి పదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు. గజళ్లు రాసినావిడ మీ అమ్మగారికి మందులు రాసే డాక్టరమ్మ. చారిత్రక నవల రాసినాయన బ్యాంకులో సరిగ్గా మీ ఇంటి లోను ఫైలు మీదే కూర్చుని ఉన్నాడు. లోను రాకముందు ఒక సమీక్షకుడి శైలికీ, వచ్చిన తర్వాత అదే సమీక్షకుడి శైలికీ ఉన్న తేడా మీద పీహెచ్‌డీ చేయించొచ్చు. రెండు విశ్వవిద్యాలయాలకి సరిపడా సరుకుంది.

అందుకే ఎదురుపడినప్పుడు ఏం మాట్లాడాలన్నది మా వృత్తిలో అసలైన విద్య.

“మన పుస్తకం ఏటయింది మాస్టారూ?”

“చదువుతన్నానండీ.”

“ఎక్కడి దాకా వచ్చింది?”

అనుభవం లేనివాడు ‘సగం అయింది’ అనేస్తాడు. సగంలో ఏముందో చెప్పమని నిలదీసే రచయితలు, ముఖ్యంగా హెడ్మాస్టర్లుగా రిటైరైనవాళ్లు, మన దగ్గర తక్కువేం లేరు. తలపండినవాడు ఇలా అంటాడు:

“గబగబా చదివీసే పుస్తకమేటండీ అది? రోజుకో పేజీ చదివి, మూసీసి, అలా కూర్చుండిపోతన్నాను.”

రచయిత కళ్లు చెమరుస్తాయి. రెండు వందల పేజీల పుస్తకానికి ఈ ఒక్క జవాబుతో ఆరేడు నెలల వాయిదా దొరుకుతుంది. పైగా మాట నిజమయ్యేందుకు అవకాశం కూడా మిగిలి ఉంటుంది.

బంధుత్వాల సమస్యని బయటివాళ్లు గుర్తించలేదని కాదు. రచయిత కుటుంబసభ్యులూ దగ్గరి స్నేహితులూ సమీక్ష రాయకూడదని అమెజాన్‌లో నియమం ఉంది. దాన్ని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గట్టిగా అమలు చేస్తే ఒక్క తెలుగు పుస్తకం పక్కన కూడా నక్షత్రం వెలగదు. భారత ప్రభుత్వం ఇంకా లోతుగా ఆలోచించింది. సోషల్ మీడియాలో నలుగురికీ తెలిసినవాళ్లు దేన్నయినా మెచ్చుకునేటప్పుడు, ఆ వస్తువు తాలూకు మనుషులతో తమకున్న సంబంధం బయటపెట్టాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. సంబంధమంటే డబ్బు ఒక్కటే కాదు. ఉచితంగా వచ్చిన వస్తువు, షరతు ఉన్నా లేకున్నా, లెక్కలోకే వస్తుంది. కానుకలు వస్తాయి. ప్రయాణం, హోటలు బస వస్తాయి. కుటుంబ సంబంధం, వ్యక్తిగత సంబంధం, ఉద్యోగ సంబంధం కూడా వస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా.

దీన్ని చిత్తశుద్ధితో పాటిస్తే మన సమీక్ష ఇలా మొదలవ్వాలి: “ఈ పుస్తకం నాకు ఉచితంగా అందింది. కవి మా పెద్దత్తగారి ఆడపడుచు కొడుకు. ముందుమాట రాసినాయన మాకు వియ్యంకుడు. పుస్తకంతోపాటు అరకిలో పలాస జీడిపప్పు వచ్చింది, బద్దలు కావు, గుండు. ఆవిష్కరణ సభలో నాకు పొందూరు ఖద్దరు కండువా కప్పారు. సభకి వెళ్లడానికి కారు పంపారు, రావడానికి పంపలేదు. అట్ట మీద బొమ్మ వేసిన కుర్రాడికి నేను మూడు వేలు బాకీ.” బంధువుల వరస ఇంకా మేనమామల వైపు తిరగనేలేదు, పత్రిక ఇచ్చిన చోటు అయిపోవస్తుంది. పుస్తకం గురించి చెప్పడానికి రెండు లైన్లు మిగులుతాయి. సమీక్షకుడికి కావలసిందీ అదే. ఈ మార్గదర్శకాల్లో ఇంత సౌకర్యం ఉందని మనవాళ్లు ఇప్పటికీ కనిపెట్టలేకపోవడం విచారకరం.

(బంగారానికి హాల్‌మార్క్ నిబంధనలు పెట్టిన బీఐఎస్ వారు ఆన్‌లైన్ సమీక్షలకి కూడా 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు. పాటించడం మన ఇష్టం అన్నారు. వాళ్లు మంచివాళ్లు.)

చట్టాల మాట వచ్చింది గనక ఇంకొకటి. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, పుస్తకం అచ్చయిన 30 రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో ప్రతి పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, దాని మీద పుస్తకం విలువ. మన రచయితల్లో ఈ చట్టం పేరు విన్నవాళ్లనే నేను పెద్దగా చూడలేదు. సమీక్షకుడికి పంపకపోతే ఏ కోర్టూ పిలవదు. అయినా ప్రెస్సు నుంచి వచ్చిన కట్ట తాడు తెగ్గానే మొదటి ప్రతి మనకే. అది కూడా ఒకటి కాదు, పత్రికల ఆనవాయితీ ప్రకారం రెండు. ఆ గ్రంథాలయాల్లో అయితే పుస్తకం జాబితాకెక్కుతుంది, బీరువాలో నిలబడుతుంది, మనవళ్ల కాలంలో అడిగినా తీసిస్తారు. మన దగ్గరికొచ్చిన రెండింటిలో ఒకటి టీవీ కింద ఎత్తుకి పనికొస్తుంది. రెండోది కొన్నాళ్లకి పాత పుస్తకాల బండి మీద ‘పెద్దలు, సహృదయులు ఫలానా వారికి, ఆత్మీయంగా’ అన్న సంతకంతో ప్రత్యక్షమవుతుంది. ఆ మొదటి పేజీ చింపకుండా అమ్మేవాడికి సమీక్షకుల సంఘంలో సభ్యత్వం ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎన్ని వాయిదాలు వేసినా ఒకరోజు రాయక తప్పదు. ఆ రోజు ఆదుకునేవి ముందుమాటలు. తెలుగు పుస్తకానికి నాలుగేసి ముందుమాటలు ఉంటాయని బయటివాళ్లు ఎగతాళి చేస్తారు. అవి పాఠకుడి కోసం కాదు. రెండో ముందుమాట రాసేవాడు మొదటిది చూసి రాస్తాడు, మూడోవాడు రెండూ చూస్తాడు, సమీక్షకుడు నాలుగూ చూసుకుంటాడు. మొదటాయన ఏం చూసి రాశాడన్నది సాహిత్య చరిత్రలో తేలని ప్రశ్న. తర్వాత అట్ట గురించి ఒక పేరా, కాగితం నాణ్యత గురించి ఒకటి, ఈ కాలంలో ఇంత తక్కువ ధర పెట్టడం సాహసమని ఒకటి. మొదటి కథలోంచి ఒక వాక్యం, చివరి కథలోంచి ఒక వాక్యం. మధ్యలో కథలుంటాయి, వాటిని ‘పాఠకులే చదివి ఆస్వాదించాలి’ అని వదిలేయాలి. అంతా పొగడ్తే అయితే చదవలేదని అనుమానిస్తారు, అందుకని ముగింపులో ‘అచ్చుతప్పులు అక్కడక్కడ పంటికింద రాళ్లలా తగులుతున్నాయి, మలిముద్రణలో సవరించుకుంటారని ఆశ’ అని ఒక దిష్టిచుక్క పెట్టాలి. ఆ అచ్చుతప్పు ఏ పేజీలో ఉందో చెప్పక్కర్లేదు. తెలుగు పుస్తకంలో అది ఉండి తీరుతుందన్న నమ్మకం చాలు. మలిముద్రణ ఉంటుందన్న నమ్మకం కేవలం మర్యాద.

కొందరు రచయితలు ఈ శ్రమ కూడా తప్పిస్తారు. “మీకెందుకు కష్టమని నేనే రాసి పట్టుకొచ్చాను సార్, కింద మీ పేరు పెట్టీడమే” అంటారు. చదివితే బాగానే ఉంటుంది. ఒక్కోసారి పుస్తకం కంటే బాగుంటుంది. ఈమధ్య కుర్ర సమీక్షకులు అట్ట వెనక ఉన్న నాలుగు లైన్లూ ఏఐకి ఇచ్చి సమీక్ష రాయించుకుంటున్నారు. అలా రాయించిన ఒక దాంట్లో, పుస్తకంలో ఎక్కడా లేని ఒక వితంతువు పాత్రని తెగ మెచ్చుకున్నారు. రచయిత ఫోన్ చేసి, ఆ పాత్రని పట్టుకున్నది మీరొక్కరే అని ధన్యవాదాలు చెప్పాడు.

ఇన్ని చెబుతుంటే, చదివి ఉన్నదున్నట్టు రాయొచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. రాసినవాళ్లున్నారు. పదకొండు కథలు బాగున్నాయని, ఒక్క కథ ముగింపు తొందరపడిందని ఒకాయన రాశాడు. సాయంత్రానికల్లా రచయిత మూడు గ్రూపుల్లోంచి తప్పుకున్నాడు. రాత్రికి రచయిత బావమరిది ఫోన్ చేశాడు. మర్నాటికి చర్చ కథ మీద లేదు. సమీక్షకుడిది ఏ ఊరు, ఏ పార్టీ, ఎవరి మనిషి, లోగడ ఎవరి పుస్తకాన్ని మోశాడు, ఆ మోయబడినవాళ్లు ఏమవుతారు అన్న దాని మీద ఉంది. శ్రీకాకుళం వాడు గనక విజయనగరం కథని తొక్కాడన్న కోణం కూడా ఒకరు తీశారు. తొందరపడిన ముగింపు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది, రెండో ముద్రణలో కూడా. అవును, దానికి మలిముద్రణ వచ్చింది. గొడవ వల్లే వచ్చింది.

మా విజయనగరం గురజాడ, 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909కల్లా దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాసి, పెంచి, మళ్లీ అచ్చు వేయించారు. ఆయన ఇంటి మీదుగా రోజూ ఆవిష్కరణ సభలకి వెళ్లే మనవాళ్లు ఒక కామా మార్చమన్నా మనోభావాలు దెబ్బతిన్నాయంటారు.

రచయితలనే అనడం న్యాయం కాదు. వాళ్ల లెక్క కూడా చూడాలి. పీఎఫ్ డబ్బుల్లోంచో, ఆవిడ గాజుల్లోంచో తీసి ఐదు వందల కాపీలు వేయిస్తారు. షాపువాడు సగానికి దగ్గరగా కమిషను అడుగుతాడు, అమ్మాక ఇస్తానంటాడు, అమ్మలేదంటాడు. బంధువులు ‘మాకో కాపీ ఇవ్వవా?’ అంటారు గానీ ఎంత అని అడగరు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం గనక ఊళ్లో ప్రతి ఇంటి యజమానీ తనకి తెలియకుండానే సాహిత్య పోషకుడు. అంతకుమించి పోషించమంటే కష్టం. మంచం కింద నాలుగు వందల ఎనభై కాపీలు పెట్టుకుని పడుకునే మనిషికి, ఎవరో ఒకరు చదివారన్న కాగితం ముక్క కావాలి. అది మనల్ని అడుగుతాడు. మనం చదువుతున్నామని చెబుతాం. నన్నడిగితే ఇందులో ఇద్దరూ అబద్ధాలాడేవాళ్లే. ఆయన నిర్మొహమాటంగా రాయమంటాడు, మనం తప్పకుండా అంటాం. కాకపోతే డబ్బు పోయేది ఆయనకొక్కడికే.

ఈ గుట్టలో నిజంగా మంచి పుస్తకాలు కూడా ఉంటాయి. సమీక్షకుడి బల్ల మీద సమానత్వం సంపూర్ణంగా అమలవుతుంది. మంచిదీ చెడ్డదీ ఒకే దుమ్ము తింటాయి.

శ్రీకాకుళం సమీక్షకులకి మాకు లేని వెసులుబాటు ఒకటుంది. వాళ్ల ఊళ్లో కథానిలయం అనే కథల గ్రంథాలయం ఉంది. తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఇల్లు అది. సొంతంగా రాసింది తక్కువ, పక్కవాళ్లు రాసినవి పోగేసింది కొండంత. అలాంటి రచయిత ఇంకొకరు ఉన్నారా అని వెతుక్కోవాలి. అక్కడ కథని కొలవరు, అడ్డగించరు, దాస్తారు. ఎవరైనా సంపుటి పట్టుకుని ఏడురోడ్ల కూడలిలో కనబడితే అక్కడి సమీక్షకుడు చెయ్యి చాపడు. ముఖం వెలిగించుకుని “కథానిలయానికి ఇచ్చారా? ముందు అక్కడ ఇవ్వాలండి!” అంటాడు. రచయిత గౌరవంగా అటు నడుస్తాడు, ఈయన గబగబా ఇటు నడుస్తాడు. మాస్టారు తెలుగు కథ కోసం కట్టించిన ఇల్లు తెలుగు సమీక్షకుడికి కూడా ఇంత నీడ ఇస్తుందని ఆయన ఊహించి ఉండరు.

ఇక విధానపరమైన సూచనలు. మొదటగా, అభ్యర్థనలని మూడు రంగుల దరఖాస్తులుగా విడగొట్టాలి. చదవమని అడిగేవాళ్లకి తెల్లది, రాయమని అడిగేవాళ్లకి పసుపుది, పుస్తకం ఛాతీ దగ్గర పట్టుకుని ఫొటో దిగమని అడిగేవాళ్లకి గులాబీది. గులాబీ కాగితాలే ఎక్కువ ఖర్చవుతాయి, ముందే ఎక్కువ అచ్చు వేయించుకోవాలి. తెల్లది ఒక డజను చాలు, ఏళ్ల తరబడి వస్తాయి. రచయిత ఇంటికీ సమీక్షకుడి ఇంటికీ మధ్య పెళ్లి సంబంధాలు మొదటి ముద్రణ అమ్ముడయ్యేదాకా మాట్లాడకూడదని ఒక నిబంధన ఉండాలనుకున్నాను. కానీ దానివల్ల రెండు జిల్లాల్లో పెళ్లిళ్లు పూర్తిగా ఆగిపోతాయని పురోహితులు అభ్యంతరం తెలిపారు. పుస్తకం చేతిలో పడిన రెండు రోజుల్లో ‘నాకు వీలుపడదండీ’ అని చెప్పే హక్కు సమీక్షకుడికి ఉండాలి. హక్కు ఇప్పుడూ ఉందనుకోండి. మనవాళ్లకి ఆ మాట నోట్లోంచి రాదు. “అలాగే చూద్దాం” అని వస్తుంది. దీనికి శిక్షణా శిబిరాలు పెట్టాలి, ప్రభుత్వ ఖర్చుతో.

రచయిత కాలం చేస్తే ఏం చేయాలన్నదానికి మాత్రం కొత్త నియమం అక్కర్లేదు, మన పద్ధతి ఇప్పటికే నిర్దుష్టంగా ఉంది. కబురు తెలిసిన సాయంత్రానికే అటక మీంచి పుస్తకం దిగుతుంది. సమీక్షకుడు రాత్రంతా కూర్చుని చదువుతాడు, నిజంగానే, మొదటి పేజీ నుంచి. ఏడో కథ దగ్గర ఆగి, ఇది ఇంత బాగుందేమిటని ఇంట్లోవాళ్లని లేపి మరీ చెబుతాడు. బెంగళూరు నుంచి దిగిన కొడుకు “నాన్నగారి మీద చిన్న సంచిక వేస్తన్నాం అంకుల్, పెద్దకర్మ నాటికి కావాలి” అంటాడు. వ్యాసం రెండు రోజులు ముందే అందుతుంది. అందులో కథల పేర్లు సరిగ్గా ఉంటాయి, పాత్రల పేర్లు సరిగ్గా ఉంటాయి, ఏ మాట ఏ పేజీలో ఉందో కూడా ఉంటుంది. అచ్చుతప్పుల ప్రస్తావన ఉండదు.